తాత పింఛన్ కాగితంల నాయినమ్మ పేరు సక్కగున్నదా?

మిలిటరీల పనిచేసి వచ్చినోళ్ల ఇండ్లల్ల ఒక నల్ల ట్రంకుపెట్టె ఉంటది. దాని మీద తెల్ల రంగుతోని నంబరు, ర్యాంకు, పేరు రాసుంటయ్. లోపల పతకాలు, ఒక పాత గ్రూప్ ఫొటో, డిశ్చార్జ్ బుక్కు, పింఛన్ కాగితం. తాత వాటిని పాణం లెక్క కాపాడుకుంటడు. కానీ అండ్ల ఏం రాసున్నదో ఇంట్ల ఎవ్వరూ సదవరు. అంతా ఇంగ్లిష్, హిందీ. నెల కాంగనే పింఛన్ పడుతున్నది కదా, ఇంకేం చూసేదున్నది అనుకుంటరు.

చిక్కంతా గక్కన్నే ఉన్నది. తాత బతికున్నన్ని రోజులు ఆ కాగితంల నాయినమ్మ పేరు తప్పున్నా ఎవ్వరికీ ఏం కాదు. తాత పోయిన మర్నెల నుంచి ఆ తప్పు నాయినమ్మ నెత్తిన పడ్తది. ఆధార్‌ల ఒక పేరు, మిలిటరీ రికార్డుల ఒక పేరు. 'ఈ ఇద్దరూ ఒక్కరే అని రుజువు తేండి' అంటరు. రుజువు చెప్పాల్సిన మనిషే లేడు. తాత ఉన్నప్పుడు ఆయన సంతకంతోని అయిపోయే పని, తాత పోయినంక ఆఫీసుల చుట్టూ, ఒక్కోసారి కోర్టు దాకా పోతది.

ఇది సదువుతున్న తమ్ముళ్లకు, చెల్లెండ్లకు చెప్పేది ఒక్కటే. మీ ఇంట్ల, మీ వాడకట్టుల మిలిటరీ తాత ఉంటే, ఆయన బతికున్నప్పుడే ఆ పెట్టె తెరిపియ్యండ్రి. తప్పుంటే ఆయన చేతనే సంతకం పెట్టిచ్చి సవరించుండ్రి. ఎట్లనో కింద చెప్పుకుందాం.

ఒక్క అక్షరంతోని ఏం పోతది?

మాజీ సైనికుడు చనిపోతే భార్యకు ఫ్యామిలీ పింఛన్ వస్తది. మామూలు ఫ్యామిలీ పింఛన్ అంటే ఆయన చివరి జీతంల 30 శాతం. కనీసం నెలకు 9,000 రూపాయలు, దాని మీద కరువు భత్యం. భార్య లేకుంటే షరతుల ప్రకారం 25 ఏండ్ల లోపు పిల్లలకు, పెండ్లి కాని లేదా భర్త పోయిన బిడ్డలకు, తన కాళ్ల మీద తాను బతకలేని దివ్యాంగ పిల్లలకు వస్తది. వీళ్లల్ల ఎవరికి రావాలన్నా మొదలు చూసేది ఒక్కటే: రికార్డుల వాళ్ల పేరు ఉన్నదా, ఉంటే సక్కగున్నదా అని.

పేరొక్కటే కాదు, పుట్టిన తేదీ కూడా పైసల ముచ్చటే. పింఛన్ తీసుకునేటోళ్లకు 80 ఏండ్లు నిండితే మూల పింఛన్ మీద 20 శాతం ఎక్కువిస్తరు. 85కు 30, 90కి 40, 95కు 50, 100 ఏండ్లకు 100 శాతం. ఫ్యామిలీ పింఛన్‌కు కూడా ఇదే లెక్క. పాత పింఛన్ కాగితాలల్ల చాలాటిల భార్య పుట్టిన తేదీయే ఉండదు. కొన్నింటిల తప్పుంటది.

లెక్క చూడుండ్రి. నాయినమ్మ అసలు వయసు కంటే రికార్డుల 5 ఏండ్లు తక్కువ పడ్డదనుకుందాం. ఆమెకు నిజంగ 80 నిండినా, కాగితం మీద 75యే. 9,000 మీద 20 శాతమంటే నెలకు 1,800. 5 ఏండ్లకు 1,08,000. కరువు భత్యం దీనికి అదనం. ఎవ్వరూ దొంగతనం చేయలే, ఎవ్వరూ లంచం అడగలే. ఒక్క అంకె తప్పు రాసినందుకు అంత పోయింది.

ఇంకోటి దవాఖాన. మాజీ సైనికులకు, వాళ్ల కుటుంబాలకు 2003 ఏప్రిల్ నుంచి ఈసీహెచ్ఎస్ కింద వైద్యం ఉన్నది. ఆ కార్డు కావాలన్నా భార్య, పిల్లల వివరాలు సర్వీస్ రికార్డుతోని కలవాలె. నాయినమ్మను ఆపరేషన్‌కు తీస్కపోయినప్పుడు పేరు కలవలేదని తెలిస్తే, ఆ రోజు ఎవరికి చెప్పుకుంటరు?

తప్పులు ఎట్ల పడ్డయ్?

తాతనూ అనలేం, రాసిన క్లర్కునూ అనలేం. మన పేర్లు అట్లాంటియి, ఆ కాలం అట్లాంటిది.

మనకు ఇంటిపేరు ముందుంటది, అసలు పేరు తర్వాత. ఉత్తరాదిల పేరు ముందు, ఇంటిపేరు ఎనుక. రాసేటాయనకు తెలుగు రాదు, చెప్పేటాయనకు అప్పటికింకా హిందీ రాదు. ఒకచోట ఇంటిపేరు పూర్తిగ పడ్డది, ఒకచోట ఒక్క అక్షరమే పడ్డది, ఇంకోచోట మొత్తానికే లేదు. మనిషి ఒక్కడే, కాగితాలల్ల ముగ్గురు.

పెండ్లయి వచ్చిన బిడ్డకు కొన్ని కాగితాలల్ల తండ్రి ఇంటిపేరు, కొన్నింట్ల భర్త ఇంటిపేరు. ఊర్ల అందరూ లచ్చవ్వ అంటరు. తాత సెలవు మీద వచ్చి పెండ్లి చేసుకొని, తిరిగిపోయి యూనిట్‌ల లచ్చవ్వ అనే రాయిచ్చిండు. ఆధార్‌ల లక్ష్మి అని వచ్చింది. ఆ లక్ష్మి కూడా బ్యాంకుల ఎక్స్ అక్షరంతోని, ఓటర్ కార్డుల కే-ఎస్-హెచ్ అక్షరాలతోని. కంప్యూటర్‌కు వీళ్లు వేరే వేరే మనుషులు.

పుట్టిన తేదీ సంగతి అయితే ఇంకా అన్యాలం. కరువు వచ్చిన ఏడు, చెరువు తెగిన ఏడు అని గుర్తుపెట్టుకున్న తరం అది. ఆధార్ తీసినప్పుడు తేదీ తెల్వకుంటే వయసు అడిగి, జనవరి 1 అని వేసిండ్రు. మిలిటరీ రికార్డుల అంతకుముందే ఇంకో అందాజ తేదీ పడి ఉన్నది. రెండూ అందాజలే, కానీ ఇయ్యాల రెండూ కలవాలంటున్నరు.

అడ్రస్ కూడా మారిపోయింది. 2014 జూన్ 2న రాష్ట్రం రెండయింది. 2016 అక్టోబర్ 11న తెలంగాణల 10 జిల్లాలు 31 అయినయ్, 2019ల 33 అయినయ్. ఆంధ్రప్రదేశ్‌ల 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయినయ్. తాత రికార్డుల కరీంనగర్ జిల్లా, ఆంధ్రప్రదేశ్ అని ఉంటది. ఇప్పుడు ఆ ఊరు జగిత్యాల జిల్లా, తెలంగాణ. అడ్రస్ తప్పుంటే పింఛన్ ఆగకపోవచ్చు గానీ, రికార్డ్ ఆఫీస్ నుంచి వచ్చే ఉత్తరం తిరిగి వాళ్లకే పోతది.

అసలు రికార్డు ఎక్కడుంటది?

చాలామంది బ్యాంకుకు పోయి పేరు మార్చుమంటరు. బ్యాంకోళ్లు అకౌంట్ల పేరు మారుస్తరేమో గానీ, మిలిటరీ రికార్డు వాళ్ల చేతుల లేదు. ఎవరి దగ్గర ఏమున్నదో ముందుగాల తెలవాలె.

మొదటిది రికార్డ్ ఆఫీస్. సిపాయి నుంచి సుబేదార్ మేజర్ దాకా ప్రతి ఒక్కరికి షీట్ రోల్ అని ఒకటుంటది. భర్తీ అయిన రోజు నుంచి ఆయన బతుకంతా అండ్లనే ఉంటది. అది ఆయన రెజిమెంట్ లేదా కోర్ రికార్డ్ ఆఫీస్‌ల ఉంటది. మద్రాస్ రెజిమెంట్‌ది తమిళనాడుల వెల్లింగ్టన్. ఆర్టిలరీది మహారాష్ట్రల నాసిక్. సిగ్నల్స్‌ది జబల్‌పూర్. మద్రాస్ ఇంజినీర్ గ్రూప్‌ది బెంగళూరు. ఈఎంఈ, ఆర్డినెన్స్ కోర్‌లవి మన సికింద్రాబాద్‌లనే ఉన్నయ్. రిటైరయినంక డీఎస్సీల చేరి రెండోసారి పనిచేసినోళ్లకు కేరళల కన్నూర్‌ల ఇంకో రికార్డు ఉంటది. అట్లాంటోళ్లు రెండు చోట్లా చూసుకోవాలె. నేవీ సెయిలర్లది ముంబైల బ్యూరో ఆఫ్ సెయిలర్స్, ఎయిర్‌ఫోర్స్ ఎయిర్‌మెన్‌ది ఢిల్లీల ఎయిర్‌ఫోర్స్ రికార్డ్ ఆఫీస్.

రెండోది పింఛన్ ఆఫీస్. రికార్డ్ ఆఫీస్ పంపిన వివరాల మీద ప్రయాగ్‌రాజ్‌ల ఉన్న పీసీడీఏ పెన్షన్స్ ఆఫీస్ ఆర్మీ వాళ్లకు పీపీఓ ఇస్తది. తప్పు సవరిస్తే కొత్తగ ఇచ్చేదాన్ని కొరిజెండమ్ పీపీఓ అంటరు.

మూడోది స్పర్శ్. ఇప్పుడు రక్షణ శాఖ పింఛన్లు ఈ ఆన్‌లైన్ పద్ధతి మీదనే నడుస్తున్నయ్. దేశంల 30 లక్షలకు పైగ పింఛన్‌దారులు అండ్ల ఉన్నరు. తాత పేరు, నాయినమ్మ పేరు, పుట్టిన తేదీలు, ఆధార్, పాన్, ఫోన్ నంబరు అన్నీ అండ్ల కనిపిస్తయ్.

నాలుగోది జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం. ఇది మనకు దగ్గరున్న ఆఫీస్. రికార్డు వీళ్ల దగ్గర మారదు. కానీ దరఖాస్తు ఎట్ల రాయాల్నో చెప్తరు, కాగితాలు పరిశీలించి ముద్ర వేసి రికార్డ్ ఆఫీస్‌కు పంపుతరు. మొదటి అడుగు ఇక్కడికే వేసుడు మంచిది.

నీళ్ల ట్యాంకుల మట్టి ఉంటే నల్లా ఎంత కడిగినా లాభం లేదు. రికార్డ్ ఆఫీస్ ట్యాంకు, పీపీఓ పైపు, స్పర్శ్ నల్లా. మొదలు పైన సక్కగ కావాలె, తర్వాత కిందికి అదే వస్తది.

ముందుగాల ఏది తప్పో తేల్చుకోండ్రి

అన్ని కాగితాలు ఒక చాప మీద పరిచి, ఒక నోట్‌బుక్‌ల గీతలు కొట్టుకోండ్రి. ఒక దిక్కు డిశ్చార్జ్ బుక్కు, పీపీఓ, స్పర్శ్. ఇంకో దిక్కు ఆధార్, పాన్, బ్యాంకు పుస్తకం. తాత పేరు, నాయినమ్మ పేరు, ఇద్దరి పుట్టిన తేదీలు, పిల్లల పేర్లు, తేదీలు. ఏది దేంతోని కలుస్తలేదో ఒక్కొక్కటి రాసుకోండ్రి. ఒక్క పూట పని ఇది.

ఇప్పుడు ఆలోచించాలె: మార్చాల్సింది మిలిటరీ రికార్డునా, ఆధార్‌నా?

తాతవి అన్నీ మిలిటరీ రికార్డు ప్రకారమే ఉండి, ఆధార్ ఒక్కటే తేడా ఉంటే ఆధార్ సవరించుడే అలక. పని తొందరగ అయితది. కానీ ఆధార్‌ల పేరు జీవితంల రెండుసార్లే మార్చనిస్తరు, పుట్టిన తేదీ ఒక్కసారే. అందుకే తొందరపడి తప్పు మీద తప్పు చేయొద్దు. ఏ కాగితం రుజువుగ ఒప్పుకుంటరో ఆధార్ సెంటర్‌ల అడిగి, స్పెల్లింగ్ ఒక్కొక్క అక్షరం చూసుకున్నంకనే వేలిముద్ర పెట్టుండ్రి.

నాయినమ్మ ఆధార్, బ్యాంకు, పట్టాదార్ పాస్‌పుస్తకం, ఓటర్ కార్డు అన్నీ ఒకటే తీరుగ ఉండి, మిలిటరీ రికార్డు ఒక్కటే వేరే ఉంటే, అప్పుడు మిలిటరీ రికార్డునే సవరించాలె.

ఒక్క మాట మాత్రం మరువొద్దు. ఏది నిజమో దాని దిక్కే పోవాలె. ఏ తేదీతోని ఎక్కువ పైసలొస్తయో ఆ తేదీ రాయిద్దామనుకుంటే, రేపు దొరికిపోతే పింఛన్ వాపస్ కట్టాల్సి వస్తది, కేసు కూడా కావచ్చు. ఆధార్ ఉన్నది కదా, పుట్టిన తేదీకి అదే పక్కా రుజువు అనుకుంటే అది కూడా తప్పే. వయసు తేల్చేందుకు ఆధార్ సరిపోదని, బడి సర్టిఫికెట్ దానికంటే నయమని సుప్రీంకోర్టు 2024 అక్టోబర్‌ల చెప్పింది.

సవరించే దారి

దరఖాస్తు రికార్డ్ ఆఫీస్ పేరు మీద ఇంగ్లిష్‌ల గానీ హిందీల గానీ రాయాలె. పైన తాత సర్వీస్ నంబరు, ర్యాంకు, పేరు, పీపీఓ నంబరు, డిశ్చార్జ్ అయిన తేదీ, ఇప్పటి అడ్రస్, ఫోన్ నంబరు. లోపల పెద్ద కథ వద్దు. మూడు ముక్కలు చాలు: రికార్డుల ఎట్లున్నది, ఎట్ల ఉండాలె, దానికి రుజువేంది. కింద తాత సంతకం. సంతకం రాకుంటే వేలిముద్ర, పక్కన సాక్షుల సంతకాలు.

దానికి జత చేసే కాగితాలు సుమారుగ ఇవి:

డిశ్చార్జ్ బుక్కుల కుటుంబ వివరాలున్న పేజీల జిరాక్స్. పీపీఓ జిరాక్స్. ఇద్దరి ఆధార్, పాన్. బ్యాంకు పుస్తకం మొదటి పేజీ. తాత, నాయినమ్మ కలిసి దిగిన ఫొటో. స్టాంప్ పేపర్ మీద అఫిడవిట్. నాయినమ్మ పుట్టిన తేదీకైతే ఆమె బడి సర్టిఫికెట్ గానీ, పుట్టిన సర్టిఫికెట్ గానీ ఉంటే అది.

అఫిడవిట్‌ల 'రికార్డుల ఉన్న ఫలానా పేరు, ఆధార్‌ల ఉన్న ఫలానా పేరు రెండూ నా భార్యవే, మనిషి ఒక్కతే' అని తాత ప్రమాణం చేసి చెప్పాలె. నోటరీ ముద్రతోని వదిలేయకుండ మేజిస్ట్రేట్ ముందట చేపిస్తే తిరిగి పంపే అవకాశం తగ్గుతది. మన దగ్గర తహసీల్దార్ ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ కూడా.

ఒక అక్షరం తేడాకు అఫిడవిట్‌తోని పని అయ్యే అవకాశం ఉన్నది. పేరు మొత్తమే మారితే, అంటే లచ్చవ్వ లక్ష్మి అయితే, పేపర్ల ప్రకటన కూడా అడుగుతరు. అసలు పెండ్లి సంగతే రికార్డుకు ఎక్కలేదంటే పెండ్లి సర్టిఫికెట్ కావాలె. మొదటి భార్య పేరు రికార్డుల అట్లనే ఉంటే, ఆమె మరణ సర్టిఫికెటో, కోర్టు విడాకుల డిక్రీనో పెట్టాలె. పెద్దమనుషుల ముందట తెగదెంపులు చేసుకున్నం అంటే రికార్డ్ ఆఫీస్ ఒప్పుకోదు. ఒక్కో రికార్డ్ ఆఫీస్ అడిగే కాగితాలు కొంచెం అటిటు ఉంటయ్. అందుకే ముందుగాల సైనిక సంక్షేమ కార్యాలయంల అడిగి పక్కా జాబితా రాసుకోండ్రి.

ఒరిజినల్ డిశ్చార్జ్ బుక్కు ఎవ్వరి చేతికీ ఇచ్చి మరిచిపోవద్దు. పోస్టుల పంపేది స్పీడ్ పోస్ట్ చేసి, రశీదు ట్రంకుపెట్టెలనే పెట్టుండ్రి. పంపినదంతా ఫోన్‌ల ఫొటో తీసి పెట్టుకోండ్రి.

రికార్డ్ ఆఫీస్ ఒప్పుకుంటే పార్ట్-2 ఆర్డర్ అని ఒకటి వేస్తది. మిలిటరీ భాషల పెండ్లి, పిల్లలు, పేరు మార్పు ఏదైనా రికార్డుకు ఎక్కినట్టు చెప్పేది ఈ ఆర్డరే. తాతను అడిగితే 'పార్ట్-2 పడ్డదా' అంటే ఏందో ఆయనే చెప్తడు. ఆ తర్వాత అవసరమున్న కాడ కొరిజెండమ్ పీపీఓ వస్తది, స్పర్శ్‌ల మారుతది. పార్ట్-2 ఆర్డర్ కాపీ చేతికొచ్చేదాకా, స్పర్శ్‌ల కొత్త పేరు కండ్లతోని చూసేదాకా పని అయిపోయిందనుకోవద్దు.

స్పర్శ్‌ల లాగిన్ అయి ఆన్‌లైన్‌ల కూడా సవరణ అడగొచ్చు. ఫోన్ నంబరు, అడ్రస్ అసోంటియి అలకగ మారుతయ్. పేరు, పుట్టిన తేదీ, కుటుంబ వివరాలు మాత్రం రికార్డ్ ఆఫీస్ చూసి ఒప్పుకోవాలె. లాగిన్ రాకుంటే ఊర్లనో మండలంలనో ఉన్న కామన్ సర్వీస్ సెంటర్‌ల సాయం చేస్తరు. తాతకు ఈ లాగిన్లు, పాస్‌వర్డులు ఎట్ల తెలుస్తయ్? గక్కడ మీరు పక్కన కూసోవాలె.

తాత సొంత పుట్టిన తేదీ సంగతి వేరే

భార్య తేదీ, పిల్లల తేదీ సవరించొచ్చు. భర్తీ అయిన రోజు తాత రాయిచ్చిన సొంత పుట్టిన తేదీ మాత్రం ఇన్నేండ్లకు మార్చుడు దాదాపు కాని పని. ఆ తేదీ మీదనే ఆయన నౌకరి, ప్రమోషన్, రిటైర్మెంట్ అన్నీ నడిచినయ్. నౌకరి చివరల పుట్టిన తేదీ మార్చుమంటే కుదరదని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది.

సిపాయి సంగతి ఏం కానీ, ఆర్మీ చీఫ్‌కే తప్పలేదు. జనరల్ వీకే సింగ్‌ది ఆర్మీల ఒక విభాగం రికార్డుల 1951 మే 10, ఇంకో విభాగం రికార్డుల 1950 మే 10 అని ఉండె. పదో తరగతి సర్టిఫికెట్‌ల 1951. పిల్లగాడిగ ఉన్నప్పుడు ఎన్డీఏకు పెట్టిన దరఖాస్తుల 1950 అని పడ్డది. చీఫ్ అయినంక ఆ ఏడాది తేడా మీద పెద్ద లొల్లి అయింది. 2012 జనవరిల సుప్రీంకోర్టుకు పోయిండు, ఫిబ్రవరి 10న కేసు వాపస్ తీసుకున్నడు. 1950 లెక్కనే 2012 మే 31న రిటైరయిండు. ఎప్పుడో ఒక ఫారంల పడ్డ ఒక్క అంకె, 40 ఏండ్లు దాటినంక దేశ సైన్యాధిపతి ముందట నిలవడ్డది.

అందుకే తాత తేదీ కలవకుంటే మిలిటరీ రికార్డును కదిలించే తిప్పలు పడకుండ, ఆధార్‌నే దానికి తగ్గట్టు సవరించే దారి చూడుండ్రి. పీపీఓల గానీ స్పర్శ్‌ల గానీ టైపు తప్పు పడి, షీట్ రోల్‌ల సక్కగనే ఉంటే అది వేరే. అది పుట్టిన తేదీ మార్చుడు కాదు, ఎత్తి రాసుట్ల జరిగిన తప్పు దిద్దుడు. అడిగి చేపించుకోవచ్చు.

తాత పోయినంక బయటపడితే?

దారులు మూసుకపోవు గానీ ఇరుకైతయ్. మొదటి జాగ్రత్త డెత్ సర్టిఫికెట్ కాన్నే తీసుకోవాలె. దుఃఖంల ఉండి ఎవరో ఒకరు పంచాయతీల ఊరి పేరు రాయిచ్చి వస్తరు. తాత పేరు పీపీఓల ఎట్లున్నదో అట్లనే రాయియ్యాలె. 21 రోజుల లోపల నమోదు చేపియ్యాలె. భార్య పేరు కూడా అదే లెక్క.

ఆ తర్వాత నాయినమ్మే దరఖాస్తు పెట్టాలె. అఫిడవిట్ ఆమె ఇయ్యాలె. తాత లేడు కాబట్టి వేరే రుజువులు జమ చేయాలె: పెండ్లి సర్టిఫికెట్, తాత ఉన్నప్పటి జాయింట్ అకౌంట్ పుస్తకం, రేషన్ కార్డు, పిల్లల బడి సర్టిఫికెట్లల్ల తల్లిదండ్రుల పేర్లు, పాత ఈసీహెచ్ఎస్ కార్డు, తాత చేతి రాత ఉన్న ఉత్తరాలు. సైనిక సంక్షేమ కార్యాలయం విచారణ చేసి రాసే రిపోర్ట్ ఇక్కడ మస్తు పనికొస్తది. కుటుంబంల తగాదా ఉన్నా, పెండ్లే రికార్డుల లేకున్నా కోర్టు డిక్లరేషన్ అడగొచ్చు. అంత దూరం పోవద్దనే మొదటి నుంచి మొత్తుకునేది.

పని ఆగితే ఏం చేయాలె?

దరఖాస్తు పెట్టినం, జవాబు లేదు. అప్పుడు సమాచార హక్కు చట్టం కింద రికార్డ్ ఆఫీస్‌ల ఉన్న సమాచార అధికారికి రాయొచ్చు. ఫీజు 10 రూపాయలు, తెల్ల రేషన్ కార్డు లెక్కల పేదరికం కింద ఉన్నోళ్లకు అది కూడా లేదు. 30 రోజులల్ల జవాబియ్యాలె. రెండే ప్రశ్నలు అడగండ్రి: ఫలానా తేదీన పంపిన మా దరఖాస్తు ఎవరి దగ్గరున్నది, ఏం చర్య తీసుకున్నరు? తాత షీట్ రోల్‌ల కుటుంబ వివరాల పేజీ నకలు ఇయ్యండ్రి. ఆ నకలు చేతికొస్తే అసలు తప్పు ఎక్కడ మొదలైందో తెలుస్తది.

కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్‌ల కూడా పెట్టొచ్చు, పైసా ఖర్చు లేదు. అక్కడా కాకుంటే, రికార్డ్ ఆఫీస్ కాదు పొమ్మని రాసి పంపితే, సైనిక దళాల ట్రిబ్యునల్ ఉన్నది. మన రెండు రాష్ట్రాలు చెన్నై బెంచ్ కిందికి వస్తయ్. లాయర్‌కు పైసలు ఎక్కడివి అని నాయినమ్మ బెదరొద్దు. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతోని సంబంధం లేకుండ ఉచిత న్యాయ సాయం హక్కు. జిల్లా కోర్టుల న్యాయ సేవాధికార సంస్థ ఆఫీస్ ఉంటది, గక్కడ అడగాలె.

ఇంకో మాట. స్పర్శ్ నుంచి మాట్లాడుతున్నం, మీ పింఛన్ ఆగింది, ఓటీపీ చెప్పుండ్రి అని ఫోన్లు వస్తయ్. ఒక్కటి కూడా నమ్మొద్దు. నేను పైరవీ చేపిస్త, ఇంత ఇయ్యి అనేటోళ్లు కూడా తిరుగుతుంటరు. ఈ పనికి పైరవీ అక్కర లేదు, కాగితం సక్కగుంటే సాలు. తాత ఫోన్ నంబరు మారితే పాత నంబరు స్పర్శ్‌ల, ఆధార్‌ల ఉండిపోకుండ చూసుకోండ్రి.

రేపు ఫౌజుకు పోయే తమ్ముళ్లకు

పొద్దున్నే లేచి రోడ్ల మీద ఉరుకుతున్న పిలగాండ్లు ప్రతి ఊర్ల ఉన్నరు. అగ్నివీర్‌కు దరఖాస్తు పెట్టేటప్పుడు మీ-సేవలనో, నెట్ సెంటర్‌లనో ఆయన టకటక కొట్టి 'సబ్మిట్ చేయాల్నా' అంటే, ఊ అని బయటికి రావొద్దు. మీ పేరు, నాయిన పేరు, అమ్మ పేరు, పుట్టిన తేదీ పదో తరగతి మెమోల ఎట్లున్నయో అక్షరం పొల్లు పోకుండ అట్లనే ఉన్నయా చూసుకోండ్రి. ఆధార్‌ల తేడా ఉంటే దరఖాస్తు కంటే ముందుగాలనే దిద్దుకోండ్రి. నౌకరి వచ్చినంక పెండ్లయితే, పిల్లలు పుడితే, తర్వాత చెప్దాంలే అనుకోకుండ పార్ట్-2 ఆర్డర్ పడేదాకా వెంటపడుండ్రి. జనరల్ వీకే సింగ్ కథ యాదికుంచుకోండ్రి.

తాతల కాలంల సదువు లేక తప్పులు పడ్డయ్. అందుకు వాళ్లను ఎవ్వరూ అనలేరు. చేతుల ఫోన్, తలకాయల సదువు ఉండి మనం చూడకుంటే మాత్రం అది మన తప్పే అయితది. ఈ ఆదివారం తాత పక్కన కూసోని ఆ ట్రంకుపెట్టె తెరువుండ్రి. ఆయన లడాయి ముచ్చట్లు చెప్తుంటడు, వినుకుంట వినుకుంటనే పీపీఓల నాయినమ్మ పేరు ఒక్కొక్క అక్షరం సదువుండ్రి.